ఒకే ఒక్క మలుపు

ఇక్కడి నేలకి ఎత్తుపల్లాలు తెలియవు.
ఎక్కడా ఎక్కే పని లేదని లేయొన్స్‌కి సంబరం.
దిగే పని కూడా ఉండదురా, అన్నాను,
తొక్కడం మానితే సైకిలు ఆగిపోవడమే.
వాడు వెంటనే మానేశాడు.
ఆగిపోయాం.

బయల్దేరి ఇంకా పావుగంట కాలేదు.
బుట్టలోంచి బాతుకొవ్వు రాసిన రొట్టె తీశాడు,
చాకు తీశాడు, ఉల్లిపాయ తీశాడు.
గుండె తెరిచి కుట్టినాక డాక్టరు రాసిచ్చిన చీటీలో
ఆఖరి మందు: సైకిలు, నెమ్మదిగా.
బాతుకొవ్వు వద్దన్న మాట పై వరసలో ఉంది.
వాడు కింద నుంచే చదువుతాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ గాస్కనీ అడవిలో ఉత్తరాలు పంచాను నేను,
పచ్చటి పోస్టు బండి మీద, గడియారంతో తగువు పడుతూ.
అప్పట్లో నాకు చెట్లు లేవు, డబ్బాలే.
కుక్క ఉన్న గేటు, కుక్క లేని గేటు,
శుక్రవారం వచ్చే పింఛను కోసం
మంగళవారం నుంచే కిటికీలో కూర్చునే మదాం లాబుర్త్.
ఇవాళ నా భుజాన ఎవరికీ ఏమీ లేదు.
భుజం ఆ సంగతి నమ్మదు,
ఇంకా ఎడమకే ఒరుగుతోంది.

ఒకప్పుడు రైలు నడిచిన దారి ఇది.
బంకపీపాలు మోసుకుపోయేది, మా చిన్నప్పుడు.
పట్టాలు పీకేసి తారు పోశారు.
రెండు పక్కలా పైన్ చెట్లు,
తాడు పట్టి, కొలిచి, మనుషులు నాటిన అడవి.
మెల్లిగా పోతుంటే
ఒక్క క్షణం రెండు వరసల మధ్య సందు తెరుచుకుంటుంది,
ఆ చివర ఎండలో ఇసక కనబడుతుంది,
మూసుకుంటుంది.
మళ్ళీ ఇంకోటి.
దువ్వెన పళ్ళ మీద గోరు నడిపినట్టు.
పోస్టు బండి వేగానికి ఇదంతా ఒట్టి గోడ.

తర్వాత కాలిన మేర వచ్చింది. నాలుగు కిలోమీటర్లు.
మోకాలెత్తు ఫెర్నులు, వాటి మధ్య మసిపట్టిన మోళ్ళు.
పురుగుకీ పుట్టగొడుక్కీ ఆగే లేయొన్స్
అక్కడ ఆగలేదు.
నీడ లేదుగా, అన్నాడు, దాటాక.

నీడ దొరికిన చోట ఒక ముసలి చెట్టు,
దాని పొట్ట మీద గాటు, నా ఎత్తుంది.
గాటు కింద ఇంకా మట్టిముంత.
అరముంత వాననీళ్ళు, ఒక తేనెటీగ.
మా నాన్న ఇలాంటి చెట్లకి గాట్లు పెట్టి బంక దించేవాడు,
శనివారం స్నానం చేసినా
ఆదివారం ప్రార్థనలో ఆయన పక్కన బంక వాసనే.
వాడు చొక్కా గుండీ విప్పుకుని గాలి ఆడనిచ్చి,
గాటు అంచు వెంట వేలితో పైనుంచి కిందికి వచ్చి,
"నాన్నది కాదు," అన్నాడు.
"నాన్నది ఎడమచెయ్యి."

పదిహేడు కిలోమీటర్లలో ఈ దారికి ఒకటే మలుపు.
ఎందుకు తిరిగిందో ఎవరికీ తెలియదు.
ఊబి ఉండేదని అమ్మ,
కొలిచే ఇంజనీరు భోజనంలో ద్రాక్షసారా ఎక్కువైందని నాన్న.
అమ్మ ఊబిలో ఒక ఆవు కూడా ఉండేది, కొమ్ములదాకా మునిగి,
ఏటేటా కాస్త లోతుకి.

తిరిగాం.
వెనక్కి చూస్తే వచ్చిన దారి లేదు.
పొద్దున్నుంచీ వీపు వెనక సూదిలా నిలబడి ఉన్నది,
చెట్లు అడ్డం వచ్చి పోయింది.
ఏదో మరిచిపోయి వచ్చినట్టు సంచీ తడుముకున్నాను.

అక్కడ ఒక గేటుకాపరి ఇల్లు, తలుపులకి మేకులు.
గోడన ఇంకా నా కాలపు డబ్బా,
పేరు చోట తుప్పు.
దారంతా నిర్మానుష్యం.
లేయొన్స్ గంట కొట్టాడు, రెండుసార్లు.
ఎవరున్నారురా, అన్నాను.
వాడు నా వైపు చూడకుండా,
మేకులు కొట్టిన తలుపు వైపు నోరంతా తెరిచి
అరిచాడు:
"పోస్ట్!"